ఒంటరిగా తిరగడానికి ఆర్వీ కొంటున్నారా? ముందు రెండో మనిషి పనుల లెక్క తీయండి

క్యాంప్‌గ్రౌండ్‌లో సాయంత్రం ఐదింటికి కుర్చీ వేసుకుని కూర్చుంటే పైసా ఖర్చులేని వినోదం దొరుకుతుంది. పెద్ద బండి ఒకటి మెల్లగా వచ్చి ఆగుతుంది. ఆవిడ దిగి వెనక్కి వెళ్లి నిలబడుతుంది. ఆయన రివర్స్ చేస్తుంటాడు. ఆవిడ చేతులు ఊపుతూ అరుస్తుంటుంది: ఎడమకి, ఇంకొంచెం ఎడమకి, నీ ఎడమ కాదు నా ఎడమ, ఆపు, ఆపు! అదయ్యాక ఆయన కరెంటు వైరు తగిలిస్తాడు, ఆవిడ లోపల స్టవ్ వెలిగిస్తుంది.

ఆర్వీ అంటే లోపలే మంచం, వంటగది, బాత్రూం ఉండే బండి. అది ఇద్దరి కోసం పుట్టింది. ఈ సంగతి నాకు 31 అడుగుల బండి కొన్నాక గానీ తెలిసిరాలేదు. మా వారు పోయిన రెండేళ్లకి, నేను రిటైరైన ఆరు నెలలకి, షోరూంలో ఆ సోఫా, ఆ వంటగది చూసి మురిసిపోయి కొనేశాను. మూడో ట్రిప్పులో చీకటి పడ్డాక ఒక్కదాన్నే వెనక్కి పెడుతూ కరెంటు స్తంభాన్ని గుద్దాను. పదకొండో నెలలో అమ్మేశాను, నష్టానికే. ఇప్పుడు 21 అడుగుల వ్యాన్‌తో మూడో ఏడు నడుస్తోంది.

అమెరికాలో రిటైరై, ఒక్కరే తిరుగుదామని అనుకుంటున్న మన వాళ్ల కోసం ఇది. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే నేను ఏ వరసలో చేస్తానో ఆ వరసలోనే రాస్తున్నాను.

1. బండ్ల జోలికి పోకముందు ఒక కాగితం తీసుకోండి

ఇద్దరు ప్రయాణిస్తే రెండో మనిషి ఏమేం చేస్తారో రాయండి. వెనక నిలబడి దారి చూపడం. అలసిపోతే స్టీరింగ్ అందుకోవడం. ఫోన్‌లో మ్యాపు చూస్తూ, వంతెన ముందు ఎత్తు ఎంతో చదివి చెప్పడం. ట్రెయిలర్ తగిలించేటప్పుడు కొక్కెం సరిగ్గా పడిందో లేదో చూడడం. మురుగు గొట్టం పట్టుకోవడం. జ్వరం వస్తే ఫార్మసీకి వెళ్లడం. రాత్రి ఎవరో తలుపు తడితే "ఎవరది?" అని అడగడం.

ఇప్పుడు ప్రతి పని పక్కనా, ఆ మనిషి లేకుండా ఇది ఎలా జరుగుతుందో రాయండి. కొన్నిటికి సామాను ఉంది: వెనక కెమెరా, బండి ఎత్తు చెబితే దానికి తగ్గ దారి చూపే ఆర్వీ జీపీఎస్. కొన్నిటికి సరైన బండే జవాబు. మిగిలినవి మీ ఒంటి మీదే పడతాయి. ఆ మిగిలిన జాబితా ఎంత చిన్నదైతే ఆ బండి మీకు అంత నప్పుతుంది. సోఫా రంగు సంగతి తరవాత చూడొచ్చు.

వంతెన ఎత్తు మాట తేలిగ్గా తీసుకోకండి. నార్త్ కరోలినా డర్హమ్‌లో గ్రెగ్సన్ వీధి మీద ఒక రైలు వంతెన ఉంది. దాని ఎత్తు ఒకప్పుడు 11 అడుగుల 8 అంగుళాలే. అద్దె ట్రక్కులు, ఆర్వీలు వచ్చి కప్పులు ఊడగొట్టుకునేవి. 2019లో దాన్ని లేపి 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. అయినా కప్పులు ఊడుతూనే ఉన్నాయి. వ్యాన్లు సాధారణంగా 10 అడుగుల లోపే ఉంటాయి. క్లాస్ సి బళ్లు 11, 12 అడుగులు, క్లాస్ ఎ బళ్లు 12 దాటి 13 దాకా పోతాయి (ఈ రకాలేమిటో మూడో భాగంలో చెప్తాను). ఏది కొన్నా ఏసీతో సహా దాని ఎత్తు కొలిచి, పెద్ద అంకెలతో స్టీరింగ్ ఎదురుగా అంటించుకోండి.

2. ఏడాదిలో ఎన్ని రోజులు తిరుగుతారో నిజాయితీగా చెప్పుకోండి

ఇల్లు అమ్మేసి బండిలోనే బతికే వాళ్లు వేరు. మనలో చాలామంది ఇల్లు ఉంచుకుంటారు, చలికాలం రెండు మూడు నెలలు ఇండియా వెళ్తారు, వేసవిలో మనవల దగ్గర ఒక నెల ఉంటారు. మిగిలేది వసంతం, శరత్తు. అలాంటప్పుడు మైనస్ పది డిగ్రీల చలికి తట్టుకునే బండికి అదనంగా డబ్బు పోయడం దండగ. ఆ డబ్బు మంచి పరుపుకి, మంచి బ్యాటరీకి పెట్టండి.

కానీ మీరు హైదరాబాద్‌లో ఉన్న ఆ మూడు నెలలు బండి ఎక్కడుంటుంది? చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఇంటి ముందు ఆర్వీ పెట్టనివ్వరు. కొనకముందే ఆ నియమాల కాగితం తీసి చదవండి. బయట స్టోరేజీలో పెడితే నెలనెలా అద్దె. చలి ప్రాంతమైతే బయల్దేరే ముందు గొట్టాల్లో నీళ్లు ఖాళీ చేసి, ఆర్వీలకని అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయాలి. లేదంటే తిరిగొచ్చేసరికి గొట్టాలు పగిలి ఉంటాయి. చిన్న బండైతే ఇదంతా ఒక మధ్యాహ్నం పని.

3. రకాలు: కొన్నిటిని ఇక్కడే కొట్టేయొచ్చు

క్లాస్ ఎ అంటే బస్సులా ఉండేవి, 26 నుంచి 45 అడుగుల దాకా. ఒక్క మనిషికి అది ఊడవడానికే ఒక పూట పట్టే ఇల్లు. టెక్సస్‌లో బండి 26,000 పౌండ్లు దాటితే మామూలు లైసెన్సు కూడా చాలదు. కూరగాయలకి వెళ్లాలన్నా దాన్ని తియ్యలేం కాబట్టి వెనకాల ఒక కారు కట్టుకెళ్తారు. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు. నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగే కారు వెనక ఉంటే, తప్పు దారిలో దూరాక రివర్స్ చేయడానికి వీలుండదు. దిగి, కారు విప్పి, రెండు బళ్లూ విడివిడిగా తిప్పుకోవాలి. అదీ ఒక్కరే.

ఫిఫ్త్ వీల్ అంటే పికప్ ట్రక్కు వెనక తొట్టిలో తగిలించి లాగే పెద్ద ట్రెయిలర్. దానికోసం పెద్ద పికప్ ట్రక్కు కొనాలి. దాన్నీ వదిలేయండి.

చిన్న ట్రెయిలర్ సంగతి వేరు, దాన్ని కొట్టిపారేయలేం. డబ్బు దృష్ట్యా ఇదే మేలు. మన ఇళ్లలో ఎలాగూ ఉండే టయోటా హైల్యాండర్, హోండా ఒడిస్సీ లాంటివే లాగగలవు. ఒడిస్సీ 3,500 పౌండ్ల దాకా, హైల్యాండర్ మామూలు పెట్రోలు రకం 5,000 దాకా లాగుతుంది. మీ కారు అంకె దాని మాన్యువల్‌లో చూసుకోండి, టోయింగ్ పరికరాలు ఉన్నాయో లేదో కూడా. అది ఖాళీ ట్రెయిలర్ బరువుతో పోల్చే అంకె కాదు, నీళ్లు, బియ్యం, గ్యాసుతో నిండిన ట్రెయిలర్ బరువుతో పోల్చాలి. ఆ బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. అంతకన్నా తక్కువైతే హైవే మీద ట్రెయిలర్ తోక ఊపుతుంది.

ఫైబర్‌గ్లాస్ గుడ్డులా ఉండే చిన్న ట్రెయిలర్లు నాకు ఇష్టం. టెక్సస్‌లో తయారయ్యే కసీటా, మిన్నెసోటా బ్యాకస్‌లో తయారయ్యే స్కాంప్ అలాంటివే. పై చిప్ప, కింది చిప్ప పోతపోసి అతికిస్తారు. అతుకులు తక్కువ కాబట్టి నీళ్లు కారే చోట్లూ తక్కువే. పాతబడ్డా మంచి ధర పలుకుతాయి.

అయితే ట్రెయిలర్లో ఒంటరి మనిషికి రెండు చిక్కులున్నాయి. తగిలించడం, వెనక్కి పెట్టడం సాధనతో వస్తాయి, నేర్చుకోవడం చిక్కు కాదు. ఒకటి, వానలో, ఎండలో ఆ పనులు ప్రతి ఊళ్లోనూ చేయాలి, నడుం వంచి. రెండు, అర్ధరాత్రి ఆ చోటు నచ్చక వెళ్లిపోవాలనిపిస్తే తలుపు తీసుకుని బయటికి దిగి, నడిచి, కారెక్కాలి. మోటారు బండిలో చెప్పులు కూడా వేసుకోకుండా మంచం మీంచి లేచి స్టీరింగ్ ముందు కూర్చోవచ్చు. మూడేళ్లలో నేను ఆ పని రెండే రెండుసార్లు చేశాను. కానీ చేయగలనన్న ధైర్యంతోనే మిగిలిన రాత్రులు నిద్రపోయాను.

ఇక మిగిలినవి క్లాస్ సి, క్లాస్ బి. క్లాస్ సి అంటే ట్రక్కు ముందు భాగం మీద గూడులా మంచం ఉండేది. అదే డబ్బుకి చోటు ఎక్కువ వస్తుంది, బాత్రూం విడిగా ఉంటుంది, చాలావాటి కింద ఫోర్డ్ ఇంజనే కాబట్టి చిన్న ఊళ్లో కూడా మెకానిక్ దొరుకుతాడు. పై మంచం మన మోకాళ్లకి పనికిరాదు, అట్టపెట్టెలు పెట్టుకోవడానికి పనికొస్తుంది. ఆ గూడు ముందు భాగమే నీళ్లు కారడానికి పేరుమోసిన చోటు. 24 అడుగులు దాటకుండా చూసుకోండి.

క్లాస్ బి అంటే వ్యాన్. మూడు రకాల వ్యాన్ల మీద కడతారు: రామ్ ప్రోమాస్టర్, ఫోర్డ్ ట్రాన్సిట్, మెర్సిడెస్ స్ప్రింటర్. ప్రోమాస్టర్ ముందు చక్రాలతో నడిచేది కాబట్టి దాని నేల కాస్త కిందికి ఉంటుంది. రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగే మోకాలికి ఆ తేడా తెలుస్తుంది. ట్రాన్సిట్‌లో 2020 నుంచి నాలుగు చక్రాలకీ శక్తినిచ్చే రకం దొరుకుతోంది. స్ప్రింటర్ నడపడానికి హాయిగా ఉంటుంది. కానీ అన్ని ఊళ్ల మెకానిక్‌లూ దాన్ని ముట్టుకోరు. కొత్త వ్యాన్ లక్షన్నర డాలర్లు దాటడం మామూలే, అందుకే నేను రెండేళ్లు వాడినది కొన్నాను. వ్యాన్ గ్యాలనుకి 15 మైళ్లకి అటూ ఇటూ ఇస్తే, పెద్ద క్లాస్ ఎ 7, 8 దగ్గరే ఆగిపోతుంది.

పొడవు గురించి ఒక్క ఉదాహరణ చెప్తాను. గ్లేషియర్ నేషనల్ పార్కులో గోయింగ్ టు ద సన్ రోడ్డు మీద, అవలాంచ్ నుంచి రైజింగ్ సన్ దాకా, బంపర్లతో కలిపి 21 అడుగులు దాటిన బండిని, అద్దాలతో కలిపి 8 అడుగుల వెడల్పు దాటిన బండిని వెళ్లనివ్వరు. నా మొదటి బండితో అక్కడికి వెళ్లి, దాన్ని కింద వదిలేసి షటిల్ బస్సెక్కాను. పాత నేషనల్ పార్కుల క్యాంపు స్థలాలు చాలావాటిలో ఇంతే కథ. అవి ఇంత పెద్ద బళ్లు లేని రోజుల్లో గీసిన గీతలు.

4. షోరూంలో అరగంట కాపురం చేయండి

సేల్స్‌మన్‌ని మర్యాదగా బయటికి పంపి, తలుపేసుకుని, ఈ పనులు చేయండి. సిగ్గుపడకండి.

మంచం మీద పడుకుని, రాత్రి రెండింటికి బాత్రూంకి లేచినట్టు లేవండి. మూలకి అతికించిన మంచమైతే కాళ్లవైపు నుంచి పాక్కుంటూ దిగాలి. గోడలోకి మడిచే మంచమైతే రోజూ రెండుసార్లు ఎత్తాలి. ఒంటరి మనిషికి అన్నిటికన్నా సుఖం రెండు విడివిడి మంచాలున్న బండి. ఒకదాని మీద మీరు, రెండో దాని మీద మడతపెట్టని బట్టలు.

బాత్రూం తలుపు మూసుకుని కూర్చోండి. మోచేతులు ఆనుతున్నాయా? వ్యాన్లలో చాలావాటిలో షవర్, టాయిలెట్ ఒకే గదిలో ఉంటాయి. స్నానం చేశాక నేలంతా తుడవాలి.

ఇక్కడ మనకి మాత్రమే ఉన్న ఒక సంగతి చెప్పాలి, ఏ సేల్స్‌మనూ చెప్పడు. మనం కాగితం కాదు, నీళ్లు వాడతాం. నా వ్యాన్‌లో మంచినీళ్ల ట్యాంకు 20 గ్యాలన్లు, టాయిలెట్ ట్యాంకు అందులో సగం. చెంబుతో ధారాళంగా పోస్తే మూడో రోజుకి ట్యాంకు నిండిపోతుంది. సన్నటి ముక్కున్న చేతి సీసా ఒకటి కొనుక్కుంటే వారం లాగించవచ్చు. బయటికి లాగి మోసుకెళ్లే క్యాసెట్ టాయిలెట్ ఉన్న బళ్లూ ఉన్నాయి. నిండిన క్యాసెట్ 40 పౌండ్లదాకా తూగుతుంది. అది మోయగల నడుమా మీది? కాకపోతే కింద స్థిరంగా ఉండే ట్యాంకు, దానికి గొట్టం ఉన్న బండే తీసుకోండి.

తరవాత వంట. స్టవ్ ముందు నిలబడి పోపు వేస్తున్నట్టు ఊహించుకోండి. పొగ కనిపెట్టే అలారం మీ తలకి మూడడుగుల దూరంలో ఉంది. ఎండుమిరపకాయ నల్లబడిందంటే అది కూస్తుంది, మీరు దగ్గుతారు, పక్క బండి వాళ్లు బయటికొస్తారు. దాని బ్యాటరీ పీకేయడం పరిష్కారం కాదు. బండి బయటివైపు కరెంటు ప్లగ్గు ఉందో లేదో చూడండి. ఉంటే ఇండక్షన్ స్టవ్ బయట బల్ల మీద పెట్టుకుని పోపు అక్కడే. అన్నం, పప్పు లోపల. దేవుడి దగ్గర దీపం కూడా బ్యాటరీదే. గ్యాసున్న చిన్న గదిలో వత్తి వెలిగించి నిద్రపోకండి.

కరెంటు లెక్క కూడా ఇక్కడే. చిన్న బళ్లకి 30 ఆంప్స్ కనెక్షన్ ఉంటుంది. 120 వోల్టులతో గుణిస్తే 3,600 వాట్లు. ఏసీ సుమారు 1,500, మైక్రోవేవ్ ఇంకో 1,500, ఇన్‌స్టంట్ పాట్ 1,000. మూడూ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. కుక్కర్ పెట్టి మైక్రోవేవ్ ఆపడం రెండు రోజుల్లో అలవాటవుతుంది.

5. పసుపు స్టిక్కర్ చదవండి

తలుపు దగ్గర, ఈ బండిలో మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో రాసి ఉంటుంది. కొన్ని అందమైన బళ్లలో అది ఆశ్చర్యపోయేంత తక్కువ. గ్యాలను నీళ్లు 8 పౌండ్ల పైచిలుకు, అంటే 20 గ్యాలన్లు 166 పౌండ్లు. మీ బరువు, సోనామసూరి బస్తా 20, పచ్చళ్ల సీసాలు, మడత కుర్చీ, అమ్మాయి వాళ్లింటికి తీసుకెళ్లే గ్రైండర్. కాగితం మీద కూడండి.

6. కొనకముందు అద్దెకి తీసుకోండి, ఒంటరిగానే

క్రూజ్ అమెరికా వాళ్ల దగ్గర 19, 25, 30 అడుగుల బళ్లు అద్దెకి దొరుకుతాయి. సొంతదారుల నుంచి వ్యాన్లు అద్దెకిప్పించే అవుట్‌డోర్సీ లాంటివీ ఉన్నాయి. మూడు రాత్రులు చాలు. అబ్బాయి తోడొస్తానంటాడు. వద్దనండి. వాడొస్తే రెండో మనిషి పనులన్నీ వాడే చేసేస్తాడు, మీకు తెలియాల్సింది తెలియదు. నేను మొదటి బండి కొనేముందు మా వాడితోనే అద్దె బండిలో వెళ్లొచ్చాను. ఎంత సులభమో అనుకున్నాను!

ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ లాటులో, అడిగి, నాలుగు ప్లాస్టిక్ కోన్‌లు పెట్టి రివర్స్ చేయండి. ఒంటరి వాళ్లకి ఒకటే సూత్రం: అనుమానం వస్తే ఆపి, దిగి, చూసి, మళ్లీ ఎక్కండి. ఎనిమిదిసార్లు దిగినా ఎవరూ ఏమీ అనుకోరు. చీకటి పడకముందే చేరుకోండి. బుక్ చేసేటప్పుడు ముందు నుంచి దూరి వెనక నుంచి వెళ్లిపోయే పుల్ త్రూ స్థలం అడగండి.

7. వాడిన బండి అయితే ముక్కుతో చూడండి

ఎండ రోజు తలుపు తెరవగానే లోపలికి దూరి వాసన పీల్చండి. తడి గోనెసంచి వాసన వస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. గోడ మూలలు, కిటికీల కింద, పై మంచం చివర బొటనవేలితో గట్టిగా నొక్కండి. మెత్తగా లోపలికి పోతే లోపల చెక్క కుళ్లింది. బయట ఫైబర్‌గ్లాస్ మీద బుడగల్లా ఉబ్బినా అదే జబ్బు.

టైరు పక్కన DOT అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆర్వీ టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. ఆరేడేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతుగా కనిపించినా కొత్త టైర్ల ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్ అలారాల మీద కూడా తేదీ ఉంటుంది, చూడండి. అమ్మేవాళ్లతో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్‌కి కొన్ని వందల డాలర్లు ఇచ్చి బండి చూపించండి. వద్దనే అమ్మకందారు దగ్గర కొనకండి.

8. కాగితాలు

ఇల్లు వదలని వాళ్లకి ఇందులో పెద్ద పనిలేదు. ఆర్వీని లాగే పెద్ద ట్రక్కు ఖర్చు కూడా కలిసిన రోడ్‌సైడ్ సహాయం తీసుకోండి. 62 నిండితే, పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ, 80 డాలర్లకి జీవితకాలపు సీనియర్ పాస్ వస్తుంది. నేషనల్ పార్కుల్లో ప్రవేశం ఉచితం, చాలా ఫెడరల్ క్యాంపుల్లో అద్దె సగం. మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) సంగతి మాత్రం ఆలోచించండి. ఒరిజినల్ మెడికేర్ తీసుకునే డాక్టరు ఏ రాష్ట్రంలో ఉన్నా చూపించుకోవచ్చు. దాని బదులు ప్రైవేటు కంపెనీలు ఇచ్చే అడ్వాంటేజ్ ప్లాన్లలో ఎక్కువ భాగం మీ ప్రాంతపు డాక్టర్ల జాబితాకే పరిమితం, ఎమర్జెన్సీ తప్ప.

మందుల పేర్లు, అలర్జీలు, పిల్లల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఫోన్‌లో లొకేషన్ ఒకరితో పంచుకోండి. ఒకరితోనే. ముగ్గురితో పంచుకుంటే పెట్రోలు బంకులో పది నిమిషాలు ఆగినా ముగ్గురూ ఫోన్ చేస్తారు.

9. బండి ఇంటికి తేకండి, పక్కూరికి తీసుకెళ్లండి

తాళాలు చేతికొచ్చిన రోజు, కొన్న చోటికి పది మైళ్లలోపు ఉన్న క్యాంపులో రెండు రాత్రులు ఉండండి. అన్నీ వాడండి: వేడినీళ్లు, ఏసీ, గ్యాసు, పంపు, ప్రతి దీపం, ప్రతి అర. పనిచేయనివన్నీ రాసుకోండి. మొదటి రాత్రి నా జాబితాలో ఐదు చేరాయి. పంపు ఆపినా ఆగడం లేదు, సింకు కింద చుక్కలు, ఒక కిటికీ తెర ఇరుక్కుంది, బయటి ప్లగ్గు చచ్చిపోయింది, ఫ్రిజ్ తలుపు మలుపుల్లో తెరుచుకుంటోంది. మర్నాడు పదింటికల్లా తీసుకెళ్లి నాలుగు చేయించుకున్నాను. ఫ్రిజ్ తలుపుకి మాత్రం ఎవరి మందూ పనిచేయలేదు. దానికి ఒక బంజీ తాడు కట్టాను. గోంగూర సీసా ఒకసారి దొర్లాక.